మూలంలోనే కార్యం ఉందా? కంపైలర్ ఆప్షన్లు, కారణవాదం, కర్త బాధ్యత

కార్యం పుట్టకముందే తన కారణంలో ఉంటుందా, లేక పుట్టుకతోనే కొత్తగా ఉనికిలోకి వస్తుందా అన్న ప్రశ్న భారతీయ దర్శనాల మధ్య శతాబ్దాల తరబడి నలిగింది. ఉన్నదే వ్యక్తమవుతుందని సాంఖ్యులు చెప్పగా ఆ మతానికి సత్కార్యవాదమని పేరు వచ్చింది. అంతకుముందు లేనిది కారణసామగ్రి సమకూడినప్పుడు కొత్తగా ఆరంభమవుతుందని న్యాయ వైశేషికులు చెప్పగా దానిని అసత్కార్యవాదమనీ ఆరంభవాదమనీ వ్యవహరించారు. మట్టినీ కుండనూ ఎదుట పెట్టుకొని సాగిన ఈ చర్చకు, సోర్స్ కోడ్ నుంచి సాఫ్ట్‌వేర్‌ను నిర్మించే పని ఒక కొత్త పరీక్షాస్థలంగా ఉపకరిస్తుంది. ఎందుకంటే కుండ విషయంలో ఊహతో మాత్రమే వేరుచేసి చూడగలిగిన కారణాలను ఇక్కడ ఒక్కొక్కటిగా మార్చి, మిగిలినవాటిని యథాతథంగా ఉంచి, పుట్టిన కార్యాన్ని చివరి బిట్టు దాకా పోల్చి చూడవచ్చు.

సోర్స్ కోడ్ అంటే ప్రోగ్రామర్ సీ వంటి భాషలో రాసిన పాఠం. దానిని మనిషి చదవగలడు గాని ప్రాసెసర్ నేరుగా నడపలేదు. ఆ పాఠాన్ని ప్రాసెసర్‌కు తెలిసిన ఆదేశాలుగా మార్చే ప్రోగ్రామ్ కంపైలర్. అలా తయారైన ఫలితం బైనరీ. కంపైలర్‌ను నడిపేటప్పుడు పాఠంతో పాటు, ఆ పాఠాన్ని ఎలా మార్చాలో చెప్పే సూచనలను కూడా అందిస్తారు. వాటినే ఆప్షన్లనీ, వాడుకలో ఫ్లాగులనీ అంటారు. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో తొలిసారి విడుదల చేసిన జీసీసీ కంపైలర్‌లో ఇప్పుడు ఇటువంటివి వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ‘ఓ0’ అన్నది వేగం కోసం ఏ మార్పులూ చేయకుండా పాఠాన్ని దాదాపు ఉన్నదున్నట్టు అనువదించమంటుంది. ‘ఓ2’ ఫలితం వేగంగా నడిచేలా మలచమంటుంది. ‘ఓఎస్’ పరిమాణం తగ్గించమంటుంది. ‘మార్చ్ నేటివ్’ ఏ యంత్రం మీద నిర్మాణం జరుగుతోందో దాని ప్రాసెసర్‌కు ఉన్న ప్రత్యేక ఆదేశాలన్నిటినీ వాడుకోమంటుంది. పాఠంలో ఒక్క అక్షరం మారకుండానే ఈ ఆప్షన్ల మార్పుతో బైనరీ మారిపోతుంది కనుక, ఆప్షన్ అనేది ఏ జాతికి చెందిన కారణమన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది.

తెలుగు నాట తర్కం నేర్చుకొనేవారి చేతికి మొదట వచ్చే తర్కసంగ్రహంలో అన్నంభట్టు, న్యాయ సంప్రదాయాన్ని అనుసరించి, కారణాలను మూడు విధాలుగా విభజించాడు. కార్యం దేనిని ఆశ్రయించి పుట్టి దానినే అంటిపెట్టుకొని ఉంటుందో అది సమవాయికారణం. కుండకు దాని రెండు కపాలాలు, అంటే కలిపి అతికే రెండు అర్ధభాగాలు, అటువంటివి. ఆ సమవాయికారణంలోనే ఉండి కార్యాన్ని పుట్టించేది అసమవాయికారణం. రెండు కపాలాల కూడిక అటువంటిది. ఈ రెండూ కాకుండా కార్యోత్పత్తికి తప్పనిసరిగా ముందుండేది నిమిత్తకారణం. కుమ్మరి, అతని చక్రం, దానిని తిప్పే కర్ర ఈ మూడవ వర్గంలోకి వస్తాయి. ఆప్షన్ బైనరీలో పదార్థంగా నిలవదు, నిర్మాణం ముగిసిన తరువాత దాని అవసరం కూడా ఉండదు. కాబట్టి అది కర్రకు సాటిగా నిమిత్తకారణమని చెప్పడంలో పెద్ద చిక్కు లేదు.

అసలు చిక్కు సోర్స్ కోడ్ విషయంలో వస్తుంది. సోర్స్ కోడ్ మట్టి వంటిదనీ, బైనరీ కుండ వంటిదనీ సాధారణంగా అందరూ తలుస్తారు. అయితే న్యాయశాస్త్రపు గీటురాయి మీద పెట్టి చూస్తే ఆ తలంపు నిలవదు. సమవాయికారణం నశిస్తే కార్యం నశించాలి, నిమిత్తకారణం నశించినా కార్యం నిలిచే ఉండాలి. సోర్స్ కోడ్‌ను పూర్తిగా చెరిపివేసినా బైనరీ మునుపటి లాగే నడుస్తుంది, పైగా ఒకే పాఠం నుంచి ఎన్ని బైనరీలు చేసినా పాఠం కొంచెమైనా తరగదు. బైనరీ ఆశ్రయించి ఉండేది ప్రాసెసర్ ఆదేశాలను, వాటి వరుస కూర్పును, పాఠాన్ని కాదు. కనుక సోర్స్ కోడ్ కూడా, ఎంత గొప్పదైనా, నిమిత్తకారణమే అవుతుంది. పాఠానికీ ఆప్షన్‌కూ మధ్య ఉన్నది తారతమ్యమే గాని జాతిభేదం కాదన్న ఈ నిర్ణయం, పాఠమే ప్రోగ్రామ్ అని నమ్మే అలవాటును మొదటికే ప్రశ్నిస్తుంది.

ఈ నిర్ణయం కేవలం తర్కవిలాసం కాదనడానికి చట్టపరమైన పత్రాలలోనే సాక్ష్యం ఉంది. 1991లో వెలువడిన, జీపీఎల్ అనే సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెండవ కూర్పు, బైనరీని పంచేవారు దాని సంపూర్ణ సోర్స్ కోడ్‌ను కూడా అందుబాటులో ఉంచాలని విధిస్తూ, ఆ సంపూర్ణతలో ప్రోగ్రామ్ పాఠాన్నే గాక కంపైల్ చేయడాన్ని, స్థాపించడాన్ని నియంత్రించే స్క్రిప్టులను కూడా చేర్చింది. ఆప్షన్లు సాధారణంగా ఆ స్క్రిప్టులలోనే ఉంటాయి. పాఠం చేతిలో ఉండి, దానిని ఏ సూచనలతో మార్చారో తెలియనివాడికి మూలం పూర్తిగా అందలేదని ఆ లైసెన్సు భావించిందంటే, నిమిత్తకారణాల సమూహం మొత్తాన్నీ మూలంగా లెక్కించిందన్నమాట.

దీనికి సాంఖ్యపక్షం నుంచి బలమైన సమాధానం ఉంది. సాంఖ్యానికి తోడుదర్శనమైన యోగంలో, యోగసూత్రాల కైవల్యపాదం ప్రకారం నిమిత్తం ప్రకృతిని ముందుకు నడిపించదు. అడ్డును తొలగించడమే దాని పని, ఆపైన ప్రకృతి తన స్వభావాన్ని అనుసరించి తానే ప్రవర్తిస్తుంది. ఆ దృష్టితో చూస్తే ఆప్షన్ కొత్తగా దేనినీ పుట్టించదు. పాఠంలో ముందే ఉన్న అర్థం వేగంగానో మెల్లగానో, పెద్ద రూపంలోనో చిన్న రూపంలోనో వెలికి రావడానికి దారి మాత్రం ఇస్తుంది. సీ భాషా ప్రమాణం కూడా ఈ అభిప్రాయానికి అనుకూలంగానే కనిపిస్తుంది. ఆ ప్రమాణం ఒక ఊహాయంత్రాన్ని నిర్వచించి, పాఠం ఆ యంత్రం మీద ఏమేమి చేయాలో చెబుతుంది; బయటి నుంచి గమనించదగిన ప్రవర్తన ఆ యంత్రపు ప్రవర్తనతో సరిపోయినంతవరకు లోపల ఎటువంటి మార్పులు చేసుకొనేందుకైనా కంపైలర్‌కు స్వేచ్ఛ ఇస్తుంది. దోషరహితమైన పాఠాన్ని ‘ఓ0’తో నిర్మించినా ‘ఓ2’తో నిర్మించినా ఫలితం సాధారణంగా ఒకే సమాధానం చెబుతుంది గనుక, అక్కడ వ్యక్తమైనది ముందునుంచీ ఉన్నదేనని సాంఖ్యుడు ధైర్యంగా చెప్పవచ్చు.

అయితే ఆ ధైర్యానికి ఒక హద్దు ఉంది, ఆ హద్దును భాషా ప్రమాణమే గీసింది. కొన్ని సందర్భాలలో పాఠం ఏమి చేయాలో తాను చెప్పబోనని, ఏమి జరిగినా తనకు సమ్మతమేనని ఆ ప్రమాణం ప్రకటిస్తుంది; దీనిని నిర్వచనం లేని ప్రవర్తన అంటారు. ధన, రుణ సంఖ్యలు రెంటినీ పట్టే పూర్ణాంకం తన గరిష్ఠ విలువను దాటిపోవడం, జ్ఞాపకంలోని స్థానాన్ని చూపే పాయింటర్ ఏ వస్తువునూ చూపక శూన్యంగా ఉన్నప్పుడు దాని ద్వారా చదవడం ఇటువంటివి. ఉదాహరణకు, ఒక సంఖ్యకు 100 కలిపితే వచ్చినది ఆ సంఖ్య కంటే చిన్నదైతే పరిమితి దాటినట్టేనని తలచి ప్రోగ్రామర్ ఒక పరీక్ష రాస్తాడు. పరిమితి దాటడం సమ్మతమైన ప్రోగ్రామ్‌లో జరగనే జరగదు గనుక ఆ పరీక్ష ఎప్పటికీ నిజం కాదని తీర్మానించి, ‘ఓ2’ ఉన్నప్పుడు జీసీసీ దానిని మొత్తంగా తీసివేయగలదు. అదే పాఠాన్ని ‘ఎఫ్‌రాప్‌వీ’ అనే ఆప్షన్‌తో నిర్మిస్తే, పరిమితి దాటిన సంఖ్య చుట్టు తిరిగి రెండవ కొసకు వస్తుందని కంపైలర్ ఒప్పుకొంటుంది, పరీక్ష నిలుస్తుంది.

2009లో లినక్స్ నిర్వహణ వ్యవస్థకు కేంద్రమైన కెర్నల్‌లో బయటపడిన ఒక లోపం ఈ విషయాన్ని మరింత తీవ్రంగా చూపింది. టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లోని ఒక ఫంక్షన్‌లో, ఒక పాయింటర్ చూపే వస్తువు నుంచి ముందు విలువను చదివి, ఆ తరువాత ఆ పాయింటర్ శూన్యమా కాదా అని పరీక్షించారు. ముందే దాని ద్వారా చదివారు కాబట్టి అది శూన్యం అయ్యే అవకాశం లేదని కంపైలర్ అనుమానప్రమాణంతో తేల్చుకొని, కాపలాగా ఉన్న పరీక్షను తొలగించింది. సాధారణ ప్రోగ్రామ్‌లో శూన్య పాయింటర్‌ను చదివితే ఆ ప్రోగ్రామ్ అక్కడితో ఆగిపోతుంది. కెర్నల్‌లో మాత్రం, సున్నా చిరునామా దగ్గర తన సొంత సమాచారాన్ని పెట్టుకోగలిగిన దురుద్దేశపరుడికి అది దారి అవుతుంది. చదివేవారి కంటికి పాఠంలో కాపలా ఉంది, నడిచే బైనరీలో లేదు. అదే ఏడాది కెర్నల్ నిర్మాణ సూచనలలో శూన్య పాయింటర్ పరీక్షలను తొలగించవద్దని చెప్పే ఆప్షన్‌ను చేర్చారు.

ఈ ఉదాహరణలు సత్కార్యవాదాన్ని పూర్తిగా కూల్చవు గాని దాని పరిధిని నిర్ణయిస్తాయి. పాఠంలో ఉన్నది ఒక ప్రోగ్రామ్ కాదు, ప్రమాణం అనుమతించే ప్రోగ్రామ్‌ల సమూహం; పాఠం నిర్దుష్టమైనప్పుడు ఆ సమూహంలోని సభ్యులందరూ బయటికి ఒకే విధంగా ప్రవర్తిస్తారు కనుక భేదం కనబడదు, లోపం ఉన్నప్పుడు సభ్యులు విడిపోతారు, వారిలో ఎవరు బయటికి రావాలో ఆప్షన్ ఎంచుతుంది. దశాంశ బిందువు గల సంఖ్యల గణితంలోనైతే పాఠంలో లోపం లేకున్నా ఇదే జరుగుతుంది. కంప్యూటర్ డబుల్ అనే రూపంలో దాచే సంఖ్యకు ఇంచుమించు 16 దశాంశ అంకెల ఖచ్చితత్వమే ఉంటుంది గనుక, 1 పక్కన 20 సున్నాలు గల సంఖ్య నుంచి అదే సంఖ్యను తీసివేసి 1 కలిపితే 1 వస్తుంది. ముందు ఆ రుణసంఖ్యకు 1 కలిపి, వచ్చినదాన్ని మొదటి సంఖ్యకు కలిపితే 0 వస్తుంది. కూడికల వరుసను ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చని ‘ఫాస్ట్‌మ్యాథ్’ ఆప్షన్ కంపైలర్‌కు అనుమతి ఇస్తుంది; ఇటువంటి దోషాలను సరిదిద్దడానికి విలియం కాహన్ 1965లో ప్రచురించిన సంకలన పద్ధతిలోని దిద్దుబాటు పదం బీజగణితం ప్రకారం సున్నా కాబట్టి, ఆ అనుమతితో కంపైలర్ దిద్దుబాటునే చెరిపివేయగలదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ నిర్మాణ స్క్రిప్టు ఈ ఆప్షన్ కనబడితే నిర్మాణాన్ని నిరాకరించి ఆగిపోతుంది, అదే సమయంలో ‘ఎఫ్‌రాప్‌వీ’ని తానే చేర్చుకొంటుంది, తన అర్థం ఏ నిమిత్తాలతో నిలుస్తుందో, వేటితో చెడుతుందో ఆ ప్రోగ్రామే చెప్పుకొన్నదన్నమాట.

కాపలా తొలగిపోయినప్పుడు దోషం ఎవరిదన్న వివాదం వెంటనే వస్తుంది, అది శబ్దార్థం గురించి మీమాంసకులకూ నైయాయికులకూ ఉన్న భేదాన్ని గుర్తుకు తెస్తుంది. వేదం అపౌరుషేయం, అంటే ఏ పురుషుడూ రచించనిది గనుక, దాని అర్థాన్ని వక్త మనసు నుంచి గాక శబ్దశక్తి నుంచీ వాక్యనియమాల నుంచీ మాత్రమే నిర్ణయించాలని మీమాంసకులు పట్టుబట్టారు. వాక్యార్థజ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడింటినీ కారణాలుగా చెప్పిన న్యాయసంప్రదాయంలో, వక్త ఏ అర్థం కలగాలని ఉద్దేశించాడో ఆ తాత్పర్యం తెలియడం కూడా అవసరమని చెప్పినవారున్నారు. కంపైలర్ ఈ విషయంలో కఠిన మీమాంసకుడు. పాఠం రాసినవాడు కాపలా కోసమే పరీక్ష రాశాడన్నది దానికి పట్టదు, భాషా ప్రమాణం ఆ అక్షరాలకు ఏ అర్థం ఇచ్చిందో అదే పడుతుంది. కంపైలర్‌ను నిందించే ప్రోగ్రామర్ తాత్పర్యవాది. తాను ఏమనుకొన్నాడో అది స్పష్టంగానే ఉందని అతని వాదం.

ఆప్షన్ ఈ ఇద్దరి మధ్యా ఒక ఒప్పందంగా పనిచేస్తుంది. ‘ఎఫ్‌రాప్‌వీ’ని కోరిన రచయిత, భాషా ప్రమాణం మౌనం వహించిన చోట తన తాత్పర్యం ఏమిటో పాఠానికి బయట నిలిచి ప్రకటిస్తున్నాడు, కంపైలర్ ఆ ప్రకటనను కూడా శబ్దంలో భాగంగానే స్వీకరించి మన్నిస్తుంది. అందువల్ల తన తాత్పర్యాన్ని ప్రకటించే అవకాశం ఉండి కూడా ప్రకటించనివాడు కంపైలర్ మీద దోషం మోపడం చెల్లదు. అలాగని పాఠానికి తోడుగా వచ్చిన ప్రకటనను పక్కన పెట్టి, వేగం మీది మోజుతో వేరే ఆప్షన్లతో నిర్మించినవాడు ఆ తరువాతి ప్రమాదానికి పాఠం రాసినవాడిని తప్పుపట్టడం కూడా చెల్లదు. దోషం వెతకడానికి కూడా ఆప్షనే ఉపాయం అవుతుంది. ఒకటి ఉంటే మరొకటి ఉండడం, అది లేకపోతే ఇది లేకపోవడం అనే అన్వయవ్యతిరేకాలతో కారణత్వాన్ని నిశ్చయించవచ్చని తార్కికులు చెప్పారు. ‘ఓ0’తో సక్రమంగా నడిచి ‘ఓ2’తో తప్పిన ప్రోగ్రామ్ ఆ రెండు స్థితుల భేదం ద్వారానే తన పాఠంలో దాగిన లోపాన్ని చాలా సందర్భాలలో బయటపెడుతుంది.

నిమిత్తకారణాలన్నీ లెక్కలోకి వస్తాయంటే, నిర్మాణ సమయంలో అక్కడ ఉన్న ప్రతిదీ కారణమవుతుందా అన్న సందేహం మిగులుతుంది. విశ్వనాథ పంచాననుడు కారికావళిలో, దాని మీద తానే రాసిన ముక్తావళిలో, కారణంలా కనబడినా కారణం కానివాటిని అన్యథాసిద్ధాలని పేర్కొని ఐదు విధాలుగా విభజించాడు. కర్ర కారణమే గాని ఆ కర్ర రంగు కారణం కాదు. కుమ్మరి కారణమే గాని కుమ్మరి తండ్రి ఈ కుండకు కారణం కాడు. ఒకానొక కుండకు మట్టి మోసుకొచ్చిన గాడిద ఆ కుండకు ముందే ఉన్నా, అది లేకుండానూ కుండలు పుడతాయి గనుక కారణం కాదు. సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో ఈ అన్యథాసిద్ధాలు బైనరీలోకి చొరబడుతుంటాయి. నిర్మాణం జరిగిన తేదీ, సమయం, పాఠం ఉన్న ఫోల్డర్ చిరునామా వంటివి ప్రోగ్రామ్ పనికి ఏ సంబంధమూ లేకున్నా అందులో ముద్ర వేస్తాయి. ఫలితంగా ఒకే పాఠాన్ని అవే ఆప్షన్లతో ఇద్దరు నిర్మించినా రెండు బైనరీలు బిట్టు బిట్టుకూ సరిపోకపోవచ్చు.

ఈ ముద్రలను తొలగించి, ఎవరు ఎక్కడ నిర్మించినా ఒకే బైనరీ రావాలన్న ప్రయత్నానికి రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ అని పేరు. డెబియన్ అనే లినక్స్ పంపిణీ ప్రాజెక్టులో ఈ కృషి 2013లో మొదలైంది. నిర్మాణ సమయానికి బదులుగా ముందే నిర్ణయించిన సమయాన్ని వాడమని చెప్పే ఏర్పాటు, ఫోల్డర్ చిరునామాను ఒక స్థిరమైన పేరుగా మార్చమని 2018 నాటి జీసీసీ 8లో వచ్చిన ఆప్షన్ ఈ కోవకు చెందినవి. వైదికకర్మకు ముందు చెప్పే సంకల్పంలో దేశకాలాలను, కర్త పేరును, ప్రయోజనాన్ని ఉచ్చరిస్తారు. ఆ ఉచ్చారణ కర్మకు ఆధారమే గాని ఫలంలో కలిసిపోయే ద్రవ్యం కాదు. డెబియన్ కూడా కంపైలర్ కూర్పునూ, అవసరమైన ప్యాకేజీలనూ, నిర్మాణ పరిసరాన్నీ బైనరీలో గాక బిల్డ్‌ఇన్ఫో అనే విడి పత్రంలో నమోదు చేస్తుంది. అన్యథాసిద్ధాన్ని కార్యం నుంచి తీసివేయడం, నిజమైన నిమిత్తాన్ని పత్రంలో ప్రకటించడం అనే రెండు పనులూ జరిగినప్పుడే పాఠానికీ బైనరీకీ ఉన్న సంబంధాన్ని మూడవ వ్యక్తి తనంతట తానుగా పరీక్షించగలడు.

పాఠాన్నీ ఆప్షన్లనూ బయటపెట్టినా కంపైలర్‌నే నమ్మలేకపోతే ఏమిటన్నది ఇంకా లోతైన సంశయం. కెన్ థాంప్సన్ ట్యూరింగ్ పురస్కార ప్రసంగంగా 1984లో ప్రచురించిన వ్యాసంలో, లాగిన్ ప్రోగ్రామ్‌లో దొడ్డిదారి పెట్టే కంపైలర్, తనను తాను తిరిగి నిర్మించుకొనేటప్పుడు ఆ దుర్గుణాన్ని కొత్త కంపైలర్‌కు కూడా సంక్రమింపజేయగలదనీ, అప్పుడు ఏ సోర్స్ కోడ్‌లోనూ దాని ఆనవాలు మిగలదనీ చూపాడు. కంపైలర్‌ను పరీక్షించడానికి మరొక పరికరం, దానిని పరీక్షించడానికి ఇంకొకటి కావాలంటే అది తార్కికులు చెప్పే అనవస్థాదోషం, అంటే ముగింపు లేకుండా వెనక్కి వెనక్కి పోవడం. జ్ఞానం యథార్థమన్న నిశ్చయం ఆ జ్ఞానసామగ్రి నుంచే కలుగుతుందని చెప్పే స్వతఃప్రామాణ్యవాదులైన మీమాంసకులు, దానికి వేరే ఆధారం కావాలనే పరతఃప్రామాణ్యవాదులైన నైయాయికుల మీద మోపిన ఆక్షేపణ కూడా ఇదే.

డేవిడ్ ఎ. వీలర్ 2005లో ప్రచురించి, 2009లో తన పరిశోధన గ్రంథంలో విస్తరించిన పద్ధతి నైయాయికుల పక్షాన ఇచ్చిన సమాధానం వంటిది. అనుమానిత కంపైలర్ సోర్స్ కోడ్‌ను దానితో సంబంధం లేని మరొక కంపైలర్‌తో నిర్మించి, అలా వచ్చిన కంపైలర్‌తో అదే సోర్స్ కోడ్‌ను మళ్లీ నిర్మించి, చివరి ఫలితాన్ని అనుమానిత బైనరీతో బిట్టు బిట్టుగా పోలుస్తారు. రెండూ ఒకటైతే ఆ బైనరీ తన పాఠానికి అనుగుణమైనదే అవుతుంది. ఈ నిశ్చయం రెండవ కంపైలర్‌లో అదే దుర్గుణం లేదన్న అంగీకారం మీద ఆధారపడింది గనుక అనవస్థ సమూలంగా పోలేదు; అయితే ఒక్కరి మీద ఉంచవలసిన గుడ్డి నమ్మకం, పరస్పరం ఎరుగని ఇద్దరూ ఒకే విధంగా మోసం చేసి ఉండరన్న సహేతుకమైన నమ్మకంగా మారింది. ఈ పోలిక సాధ్యం కావడానికి కూడా పునర్నిర్మాణంలో అసలు ఆప్షన్లే వాడాలి. వాటిని దాచిపెడితే ప్రామాణ్యపరీక్ష మొదలే కాదు.

ఇక్కడి నుంచి ధర్మవిచారణ అనివార్యమవుతుంది. జెంటూ వంటి లినక్స్ పంపిణీలో వినియోగదారుడే తన యంత్రం మీద తనకు నచ్చిన ఆప్షన్లతో నిర్మించుకొంటాడు. ఎంపిక చేసేవాడు, ఫలం అనుభవించేవాడు ఒక్కరే కావడం వల్ల సాహసానికి అక్కడ చోటుంది. డెబియన్ వంటి పంపిణీలో కొందరు చేసిన ఎంపికను, ఆ ఎంపిక ఒకటుందని కూడా తెలియని లక్షలమంది అనుభవిస్తారు. జీసీసీ 4.9తో 2014లో వచ్చిన ‘స్టాక్ ప్రొటెక్టర్ స్ట్రాంగ్’ ప్రోగ్రామ్‌ను కొద్దిగా నెమ్మదింపజేసినా, జ్ఞాపకంలోని ఒక ముఖ్యమైన భాగం మీద జరిగే దాడులను పసిగట్టి ప్రోగ్రామ్‌ను ఆపుతుంది. దానిని వదిలేస్తే లాభించే వేగం కొలతల్లో కనబడుతుంది, పెరిగే ప్రమాదం కనబడదు. ‘ఎన్‌డీబగ్’ను నిర్వచించడం మరొక ఉదాహరణ. ఈ స్థానంలో ఫలానా షరతు నిజం కావాలి, కాకపోతే నడక ఆపమని రచయిత పాఠంలో రాసిన అసర్ట్ వాక్యాలన్నీ దానితో మాయమవుతాయి. రచయిత నియమించిన సాక్షులను నిర్మించినవాడు సెలవిచ్చి పంపినట్టే.

కర్రను నడిపిన చేయి కుమ్మరిది కాబట్టి కుండ వంకర పోతే కర్రను ఎవరూ తప్పుపట్టరు; ఆప్షన్ విషయంలోనూ జడమైన సూచనకు గాక దానిని ఎంచుకొన్న చేతనకర్తకే బాధ్యత చెందుతుంది. పాఠం రాసినవాడు తన పాఠం ఏ ఆప్షన్లతో నిర్మిస్తే అర్థవంతమో చెప్పవలసి ఉంటుంది, నిర్మించినవాడు తాను వేటితో నిర్మించాడో చెప్పవలసి ఉంటుంది, ఈ రెండు ప్రకటనలూ లేని చోట ఫలానా బైనరీ ఫలానా పాఠం నుంచి పుట్టిందన్న మాట నిజమే అయినా, విన్నవాడు దానిని ప్రమాణంతో నిర్ధారించుకొనే దారి ఉండదు. పాఠాన్ని మాత్రమే బహిరంగపరచి మూలమంతా ఇచ్చేశామని భావించేవారు కారణసామగ్రిలో ఒక భాగాన్ని మాత్రమే ఇచ్చినవారు. మిగిలిన భాగం నిర్మాణ ఆదేశంలోని ఒకటి రెండు పంక్తులే అయినా, కార్యం ఏ రూపంలో పుట్టాలో నిర్ణయించే అధికారంలో పాఠంతో పాటు దానికీ వాటా ఉంది.